చెఱ విడిచిన సిపాయికి నీడ యేది?

గిద్దలూరు రైలుస్టేషనులో నల్లని యినుపపెట్టెతో దిగు యువకుని జూడనివారు మా ప్రాంతమున నుండరు. పెట్టెమీద తెల్లరంగుతో పేరును, నంబరును వ్రాసియుండును. తల్లి యెదురేగి దిష్టి తీయును. చెల్లెలు పెట్టెకు చేయి వేయును. వీధివారందఱు "ఎన్నాళ్లు సెలవు?" అని యడుగుదురు. మార్కాపురము, కంభము, గిద్దలూరు, కొమరోలు ప్రాంతములు మెట్టభూములు. వాన నమ్మరానిది, బావి తవ్విన ఫ్లోరైడు నీరు. ఒక యెకరము శనగకాయలతో నలుగురు కొడుకులు బ్రదుకలేరు. కాబట్టి ఇంటికొకడు సైన్యమునకు బోవుట ఇచ్చటి పల్లెలలో ఏనాటినుండియో అలవాటైనది. 1970 లో ఒంగోలు కేంద్రముగ క్రొత్త జిల్లా యేర్పడువఱకు మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1972 లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. జిల్లాల పేర్లు మాఱినను ఈ నల్లపెట్టెల రాకపోకలు మాత్రము మాఱలేదు.

నేడు నేను వ్రాయబోవునది ఆ రాకనుగూర్చి కాదు. మఱియొక రాక గలదు. ఆ దినమున పెట్టె యుండదు. ఒక గుడ్డసంచి యుండును. ఎదురేగువా రుండరు. బస్సు దిగినవాడు పగటివేళ ఊరిలోనికి రాక, దీపాలు పెట్టినదాక రావిచెట్టు క్రింద కూర్చుండును. ఒకప్పుడు దేశముకొఱకు తుపాకి పట్టి, పిదప ఏదో యొక నేరమున జిక్కి, శిక్ష ముగించుకొని తిరిగివచ్చిన మాజీ సైనికు డతడు. అట్టివారు పెక్కుమంది లేరు. కాని ఒక్కడున్నను వాడొక యింటివాడు. ఒక తల్లి కొడుకు, ఒక యిల్లాలి భర్త, ఒక చిన్నదాని తండ్రి. వాని కిల్లును పనియు దొరకుట యెట్లు? ఇందులో గృహిణుల పని యేమి? ఈ ప్రశ్నలు నాకు పుస్తకములవలన గాక, నా తప్పువలన గలిగినవి. ముందుగ దానిని చెప్పుకొనవలెను.

మా వసారాగది

మా యింటి ప్రక్క వసారాలో ఒక చిన్నగది గలదు. మామగారి కాలమున శనగకాయల బస్తా లుంచెడివారు. పిదప అద్దె కిచ్చుచుంటిమి. కొన్నేండ్ల క్రిందట వేసవిలో ఒక మధ్యాహ్నము ఏబదేండ్లు దాటిన మనుష్యుడొకడు వాకిట నిలిచి గది యడిగెను. ప్లాస్టిక్ సంచిలో భద్రముగ చుట్టిన డిశ్చార్జి పుస్తకమును తీసి చూపెను. పదునేడేండ్లు సైన్యములో చేసినాడు. మా యత్తగారు సంతోషించి, "మఱి యిన్నాళ్లు ఎక్కడ నుంటివి నాయనా?" అని యడిగిరి. అతడు అబద్ధ మాడవచ్చును, ఆడలేదు. "జైలులో నుంటినమ్మా. అన్నదమ్ముల పొలము తగవులో కొట్లాట జరిగినది. శిక్ష అయిపోయినది" అని చెప్పెను.

అత్తగారు నావైపు చూచిరి. నేను "గది ఖాళీ లేదన్నా, నిన్ననే యెవరికో మాట యిచ్చితిమి" అంటిని. గది తలుపునకు తాళము వ్రేలాడుచునే యున్నది. అతడు దానిని చూచెను. మా మాటను కూడ వినెను. ఏమియు ననలేదు. మంచినీళ్లు మాత్ర మడిగెను. త్రాగిన పిమ్మట గ్లాసును తానే తొట్టియొద్ద కడిగి, రాతిమీద బోర్లించి పోయెను.

పిదప నాలుగైదు దినములు బస్టాండులో పరుండుచున్నాడని వింటిని. ఆ మీదట కనబడలేదు. హైదరాబాదు పోయెనని కొందఱు, బెంగుళూరు పోయెనని కొందఱు చెప్పిరి. మా గది మఱి యేడు నెలలు ఖాళీగనే యుండెను. ఆ యేడు నెలలును నేను వసారా ఊడ్చినపుడెల్ల ఆ తాళము నన్ను ప్రశ్నించుచున్నట్లుండెడిది. ఇంటిలో ఆడపిల్ల లున్నారు, భయము సహజమే యని నన్ను నేను సమర్థించుకొంటిని. కాని నేను భయపడి విచారించితినా? లేదు. విచారింపకయే భయపడితిని. అది నా తప్పు.

జైలుకు బోయినవారందఱు నొక్కటి గారు

జైలు అన్నమాట వినగానే మనము దొంగలను, హంతకులను తలంతుము. లెక్కలు వేఱుగ చెప్పుచున్నవి. 2022 డిసెంబరు 31 నాటికి భారతదేశపు జైళ్లలో 5,73,220 మంది యుండగా, వారిలో 4,34,302 మంది విచారణలో నున్నవారే. అనగా నూటికి 75 మందికి పైగా నేరము ఇంకను రుజువు కానివారు. వీరిలో పలువురు పూచీ నిలుచువారు లేకయో, పూచీకత్తు సొమ్ము లేకయో లోపల నుండిపోవుచున్నారు. అట్టివాడు నిర్దోషియని తీర్పు పొంది వచ్చినను ఊరివారు "జైలుకు పోయి వచ్చినవాడు" అనియే యందురు. న్యాయస్థానము విడిచినవానిని వీధి విడువదు.

శిక్షపడినవారిలోను భేదములు గలవు. మా ప్రాంతమున సైన్యమునుండి విడుదలైనవాడు సాధారణముగ నలుబదేండ్లలోపు వాడే. చేతికి కొంత సొమ్ము వచ్చును; చేయుటకు పని యుండదు. గట్టుతగవు, అప్పునకు పూచీ, చెల్లని చెక్కు, త్రాగుడు, త్రాగుడు మీద వచ్చిన కోపము — చాల కుటుంబములలో పతనమునకు ద్వారము లివియే. మంచుకొండలలోను, సరిహద్దులలోను రాత్రింబవళ్లు మేలుకొన్న మనస్సు ఇంటికి వచ్చినంతనే నెమ్మదింపదు. కొందఱు నిద్రలో కేకలు వేయుదురు. తలుపు చప్పుడైన నులికిపడుదురు. దీనిని మన పల్లెలలో "మిలిటరీ కోపము" అని నవ్వుదురు. అది నవ్వదగినది కాదు, వైద్యము చేయదగినది. జబ్బని చెప్పి నేరమును మన్నింపుమని నేననుట లేదు. శిక్ష నేరమునకు, అది తీఱిన పిదప మఱల శిక్షించు నధికారము మనకు లేదు. ఇంతమాత్రమే నా మనవి.

ముందు ఇల్లు, పిదప తక్కినవి

చెఱ విడిచినవానికి మొట్టమొదట కావలసినదేమి? పని యని పురుషు లందురు. నేను ఇల్లందును. స్నానము చేసి, ఉతికిన చొక్కా తొడిగి, రాత్రి నిద్రించినవాడు గదా ఉదయమున పనికి బోగలడు? బస్టాండులో పరుండినవానికి పని యిచ్చు వారెవరు? పని దొరకినను "నీ విలాసమేది?" అందురు. బ్యాంకువారు విలాసమడుగుదురు, రేషనుకార్డునకు విలాసము, పింఛనునకు విలాసము. ఇల్లు లేనివానికి కాగితములు లేవు. కాగితములు లేనివానికి పని లేదు. పని లేనివానికి ఇల్లు లేదు. గానుగెద్దువలె వాడీ చుట్టులోనే తిరుగుచుండును. ఆ చుట్టును త్రెంపగల మొదటి చోటు వాకిలి. వాకిలి మన చేతిలోనిది.

ఈ సంగతిని అమెరికా దేశమువారు చాల సొమ్ము వ్యయపఱచి తెలిసికొనిరి. అచ్చట యుద్ధములనుండి తిరిగివచ్చిన సైనికులు పలువురు వీధులపాలైరి. 2010 లో ఒక్క రాత్రి లెక్కించగా సుమారు 74,000 మంది మాజీ సైనికులకు ఇల్లు లేదని తేలినది. ప్రభుత్వమువారు అద్దెలో నధికభాగమును చెల్లించుటయేగాక, ప్రతివానికిని తోడుగ నొక సహాయకుని నియమించిరి. ఆ సహాయకుడు వైద్యమునకు, పనికి, కాగితములకు వెంట నుండును. త్రాగుడు మానిన పిదప ఇల్లిత్తుమని యనక, ఇల్లిచ్చి త్రాగుడు మాన్పించుట వారి పద్ధతి. 2024 జనవరి లెక్కలో ఆ సంఖ్య 33,000 లోపునకు దిగినది. బఫెలో నగరములో 2008 లో మాజీ సైనికులకొఱకే యొక ప్రత్యేక న్యాయస్థానము నెలకొల్పిరి. నేరము చేసిన సైనికునికి మఱియొక మాజీ సైనికుడు మార్గదర్శిగ నుండి, వైద్యము సరిగ చేయించుకొనుచున్నాడా లేదా యని చూచుట ఆ న్యాయస్థానపు విశేషము. వారి ధనము మనకు లేదు. కాని ఇంటినీడ, వెంట నొక మనిషి — ఈ రెండును ధనముతోనే వచ్చునవి కావు.

స్టువార్టుపురము చెప్పు పాఠము

దూరదేశము లేల? మన బాపట్ల, చీరాలల నడుమ స్టువార్టుపుర మున్నది. 1871 లో ఆంగ్లప్రభుత్వమువారు కొన్ని కులములను పుట్టుకతోడనే నేరస్థులని ముద్రవేయు చట్టము చేసిరి. 1911 నాటి చట్టముతో అది మదరాసు రాజధానికిని వచ్చినది. 1913 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణలో ఎరుకలవారిని తెచ్చి స్టువార్టుపురములో నుంచిరి. ఇండ్లు కట్టిరి, భూము లిచ్చిరి, చీరాల పొగాకు కంపెనీలో కొందఱికి పని దొరకినది. ఇల్లును పనియు నున్నవి గదా! ఐనను ఏమి లోపించినది? గౌరవము. హాజరు వేయించుకొనక పొలిమేర దాటరాదు. దేశములో నెక్కడ దొంగతనము జరిగినను అనుమానము వీరిమీదనే. 1952 లో ఆ చట్టము రద్దైనది. కాని ఊరిపేరు చెప్పినంతనే మొగము త్రిప్పుకొను నలవాటు రద్దు కాలేదు.

తరువాతి కాలమున అచ్చటికి నడచిపోయినది ఒక స్త్రీ. ఆమె హేమలతా లవణంగారు. మహాకవి గుఱ్ఱం జాషువగారి కుమార్తె. పుట్టినది మా పొరుగుననే, వినుకొండలో, 1932 లో. భర్త లవణంగారితో గూడి, సంస్కార్ సంస్థ పక్షమున స్టువార్టుపురపు ఇండ్లలోనికి బోయి కూర్చుండిరి; వారి యన్నము తినిరి. నేరము మానదలచినవానికి తోడైరి. పిల్లలను బడికి పంపించిరి. జీవనోపాధికి దారులు వెదకిరి. 2008 లో ఆమె కాలము చేయునాటికి ఆ యూరి బిడ్డలు పలువురు చదువుకొని ఉద్యోగములలో నుండిరి.

ఇందు రెండు పాఠములు గలవు. ఇల్లును పనియు నిచ్చి గౌరవము నీయకున్న అది గోడలులేని మఱియొక జైలగును. గౌరవముతో వచ్చినవా రొక్కరున్నను తరతరముల ముద్ర చెరగ నారంభించును. ఆ మొదటి యడుగు వేసినవారిలో ఒక గృహిణి యుండుట మనము గర్వింపదగిన విషయము.

కాగితముల సంగతి ఇల్లాలు తెలిసికొనవలెను

జైలులో నున్నవాని కాగితములు ఇంటిలోని ట్రంకుపెట్టెలో నుండును. కాబట్టి ఈ భాగమును శ్రద్ధగ చదువ వేడెదను.

మొదటిది, న్యాయసహాయము. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును, నిర్బంధములో నున్నవారికిని, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగ వకీలు నిత్తురు. కోర్టులున్న పట్టణములలో న్యాయసేవా సంఘములు గలవు. 15100 అను నంబరునకు టెలిఫోను చేసినను చెప్పుదురు. పుస్తెలు తాకట్టు పెట్టి వకీలునకు ఫీజు కట్టుటకు ముందు ఈ తలుపు తట్టి చూడవలెను.

రెండవది, జామీను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త నేరవిచారణ చట్టములో 479 వ విభాగము గలదు. మునుపెన్నడు శిక్షపడనివాడు, తనపై మోపబడిన నేరమునకు గల గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము విచారణఖైదీగ గడపినచో, అతనిని బాండుమీద విడువవలెను. మరణశిక్షకు, యావజ్జీవమునకు తగిన నేరములకిది వర్తింపదు. పెక్కుకేసు లున్నవారికిని వర్తింపదు. పూచీకత్తు సొమ్ము లేక లోపలనే యుండిపోయిన పేదలకు 40,000 రూపాయలవఱకును, జరిమానా కట్టలేక ఉండిపోయిన శిక్షాఖైదీలకు 25,000 రూపాయలవఱకును చెల్లించు కేంద్రపథకము 2023 లో వచ్చినది. ఎవరు అర్హులో జిల్లాలోని సంఘము పరిశీలించి నిర్ణయించును.

మూడవది, పింఛను. భర్త జైలుకు పోగానే "పింఛను పోయినది" అని యేడ్చి ఊరకుండు ఇల్లాండ్రు గలరు. పింఛను పుచ్చుకొనువాడు మంచి నడవడితో నుండవలెననునది నియమమే. ఘోరనేరమునకు శిక్షపడినవాని పింఛనును నిలుపుటకు ప్రభుత్వమున కధికారము గలదు. కాని అది దానంతటదే రద్దగునని తలపరాదు, కనుగొనవలెను. పెక్కుచోట్ల నిలిచిపోవుటకు కారణము మఱియొకటి: ఏటేట నీయవలసిన జీవనప్రమాణ పత్రము ఈయకుండుట. పత్రము చేరిన నిలిచిన సొమ్ము మఱల వచ్చుట కవకాశము గలదు. డిశ్చార్జి పుస్తకము, పింఛను ఉత్తరువు, ఆధారుకార్డు, బ్యాంకుపుస్తకము — ఈ నాల్గును ఒక గుడ్డలో గట్టి, చెద పట్టనిచోట నుంచవలెను. జిల్లా సైనికసంక్షేమ కార్యాలయమువారి కీ నాల్గును చూపిన మార్గము చెప్పుదురు.

నాల్గవది, పింఛనే లేని ముసలివారి సంగతి. కొలదియేండ్లు మాత్రమే చేసి బయటికి వచ్చినవారు కొందఱున్నారు. హవల్దారు హోదాలోపువారై, 65 ఏండ్లు నిండి, పింఛను లేనివారికిని, అట్టివారి వితంతువులకును నెలకు 4,000 రూపాయల చొప్పున సాయము చేయుచుండిరి. 2025 నవంబరు 1 నుండి దానిని 8,000 రూపాయలు చేసిరి. ఈ సొమ్ము సాయుధదళముల పతాకనిధినుండి వచ్చును. 1949 నుండి ఏటేట డిసెంబరు 7 వ తేదీన మన పిల్లలు బడినుండి చిన్నజెండా తెచ్చి డబ్బడుగుదురే, ఆ నిధియే యిది. మనము పోపులడబ్బాలోనుండి తీసియిచ్చిన పదిరూపాయలు ఏదో యొక ముసలి సిపాయి గంజిలో ఉప్పగుచున్నవి.

ఏ పని చూపుదుము?

జైలులో నుండగా పని నేర్చినవారు గలరు. రాజమహేంద్రవరము, కడప వంటి కేంద్రకారాగారములలో నేత, వడ్రంగము, ఇనుపసామాను, రొట్టెల తయారీ వంటివి నేర్పుదురు. అనంతపురము దగ్గఱ ఖైదీల వ్యవసాయక్షేత్రము గలదు. మంచి నడవడి గల ఖైదీలు అచ్చట కటకటాలు లేక సేద్యము చేయుదురు. జైళ్లశాఖవారి పెట్రోలుబంకులలో పనిచేసి డబ్బు లెక్క తప్పకుండ నొప్పగించువారు గలరు. సైనికునికి మొదటనే డ్రైవింగు, యంత్రముల మరమ్మతు, వంట, వైద్యసహాయము వంటి విద్యలలో ఏదో యొకటి వచ్చియుండును. కాబట్టి "వీనికేమి వచ్చును?" అను ప్రశ్న సరియైనది గాదు. "వీనిని నమ్మువా రెవరు?" అనునదే ప్రశ్న.

మా మార్కాపురము పలకలకు పేరుపొందినది. దేశదేశముల పిల్లలు అ ఆ లు దిద్దిన నల్లని రాతిపలకలు ఇచ్చటి గనులలోనివే. నోటుపుస్తకములును, ప్లాస్టిక్ పలకలును వచ్చిన పిదప ఆ పని చాల తగ్గినది. ఐనను బండకోత, నాపరాతి పని కొంత నిలిచియున్నవి. ఆ పనికి పంపునపుడు ముక్కునకు నోటికి గట్టుగుడ్డ మఱవరాదు. రాతిదుమ్ము ఊపిరితిత్తులను తినివేయును. గొఱ్ఱెలు, పాడిగేదెలు, కంభము చెఱువు క్రింది సేద్యము, మిరపకాయల కోత, లారీల మరమ్మతు — ఇవియు గలవు. కావలిపని సైనికులకు తఱచు దొరకునది; కాని దానికి పోలీసువారి విచారణపత్ర మడుగుదురు. కేసుసంగతి దాచి చేరినవాడు బయటపడిన దినమున పనియు పోగొట్టుకొనును, పరువును పోగొట్టుకొనును. ముందే చెప్పి చేరుట మేలు. నిజము విని ఒక్కడు నమ్మినను ఆ పని నిలుచును.

మన పొదుపుసంఘముల శక్తిని మనము తక్కువగ నెంచరాదు. మాకు పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992 లో చదువు నేర్చుకొన్న సామాన్యస్త్రీలు సారాదుకాణమును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమెల్ల వ్యాపించి 1993 లో సారానిషేధమునకు దారితీసినది. సారాకొట్టు మూయింపగలిగినవారు ఒక అద్దెగది తెఱపింపలేరా? సంఘమునుండి ఇల్లాలి పేరున అప్పు తీసి రెండు గేదెలు కొనియిచ్చిన, అవి మగనికి పనియు నగును, పాలడబ్బు ఇల్లాలి చేతిలోను నుండును. త్రాగుడు మాన్పుటకు ప్రభుత్వాసుపత్రులలో చికిత్స గలదు. పింఛను పొందు మాజీ సైనికులకు వారి ప్రత్యేక వైద్యశాలలు గలవు. పంపవలసినది మనమే.

ఇల్లాలికి ఒక మాట

ఒక సంగతి స్పష్టముగ చెప్పకున్న నా వ్రాత అసంపూర్ణమగును. భర్త యెట్టివాడైనను తలుపు తెఱువవలసినదే యని నేను చెప్పుట లేదు. ఆమెనో బిడ్డలనో హింసించి జైలుకు బోయినవాడు తిరిగివచ్చినపుడు, ఆమె వానిని చేర్చుకొనవలెనను ధర్మ మెచ్చటను లేదు. 2005 నాటి గృహహింస నిరోధకచట్ట మామె పక్షమున నున్నది. "పోనీలే, మగవాడు" అని అత్తగారు, అమ్మలక్కలు ఒత్తిడి చేయుట పాపము. వానికి నీడ కావలసినదే. కాని ఆ నీడ ఆమె మెడకు ఉరి కారాదు. అట్టివానికి వేఱుగ అద్దెగది, వేఱుగ పని చూపవలెను. వాడు మాఱినాడో లేదో ఏండ్లు గడచిన మీదట ఆమెయే తేల్చుకొనును.

అట్లే, వానివలన నష్టపడిన యిల్లు ఆ యూరిలోనే యుండవచ్చును. ఆ తల్లి దుఃఖమును తక్కువచేసి మనము మంచివారమని పేరు పొందరాదు. కొట్లాటలో జైలుకు బోయినవానిని అదే వీధిలో దింపి పాతపగను రేపుటకంటె, పొరుగూరిలో చోటు చూపుట వివేకము. పోలీసుస్టేషనులో నొకమాట చెప్పి, అద్దెపత్రము వ్రాయించుకొని, ఇంటివారును నిశ్చింతగ నుండవచ్చును. దయకు కన్నులు కూడ నుండవలెను.

భర్త జైలులో నున్నంతకాలము ఇల్లాలు పడు పాట్లు వేఱొక వ్యాసమునకు తగినవి. పేరంటమునకు పిలువరు, బడిలో పిల్లను తోటిపిల్లలు వెక్కిరింతురు. ఆమె చేసిన నేరమేమి? ఆ పిల్లకు జడవేసి, పండుగనాడు మన పిల్లతోపాటు పీటవేసి కూర్చుండబెట్టుట కే చట్టము కావలెను? తండ్రి తిరిగివచ్చు దినమునకు ఆ యిల్లు నిలిచియుండుట సగము మనపైననే యున్నది.

మఱల మా గది

రెండేండ్ల క్రిందట మఱియొకడు వచ్చెను. సైన్యములో లారీ నడపినవాడట. చెక్కుకేసులో శిక్ష యనుభవించి వచ్చెను. ఈ తడవ అత్తగారే మాట లాడిరి. కేసుకాగితము తెప్పించి మావారిచేత చదివించిరి. అతని యక్కను పిలిపించిరి. అడ్వాన్సు మూడువాయిదాలలో నిచ్చునట్లు ఒప్పుకొనిరి. "ఇంట త్రాగి రాగూడదు, రాత్రి పదిలోపల రావలెను, కష్టము వచ్చిన ముందుగ నాకు చెప్పవలెను" అని మూడు షరతులు పెట్టిరి.

అంతయు సుఖముగ జరిగినదని నేను వ్రాసిన అబద్ధమగును. మూడవ నెలలో అద్దె యీయలేదు. సిగ్గుపడి రెండు దినములు గదికి రాలేదు. ఒక రాత్రి నిద్రలో కేకవేసిన మా పిల్లలు లేచి యేడ్చిరి. వీధిలో ఇద్దఱు మాతో మాటలు తగ్గించిరి. ఐనను అత్తగారు చలింపలేదు. "అద్దె బాకీపడనివాడు మన వీధిలో ఎవరే?" అనిరి. ఇప్పుడతడు ధాన్యపులారీ నడపుచున్నాడు. విలాసము దొరకినది గనుక బ్యాంకుపుస్తకము వచ్చినది. అతని కూతురు దసరాసెలవులకు వచ్చి నాలుగు దినములు తండ్రిదగ్గఱ నుండిపోయినది. ఆ పిల్ల వాకిట ముగ్గు వేయుచుండగా నాకా మొదటి మనుష్యుడు జ్ఞాపకమునకు వచ్చెను. అతనికిని ఒక కూతురున్నదేమో! నేను అడుగనైనను అడుగలేదు.

సోదరీమణులారా! చెఱసాల తలుపులు తెఱచుట ప్రభుత్వమువారి పని. ఇంటి తలుపులు తెఱచుట మన పని. వానిని తెఱచుటకు ముందు విచారింపుడు, షరతులు పెట్టుడు, పెద్దల నడుగుడు. కాని విచారింపకయే గడియ వేయకుడు. మీ వాకిట నిలిచి, ఉన్నసంగతి దాచక చెప్పినవాడు మీకు తన చేతనున్న చివరి సొత్తును చూపినాడు. దానికి బదులుగ అబద్ధ మాడకుడు. నేనాడితిని గనుక చెప్పుచున్నాను.